అన్నీ తానే అయిన వైస్రాయి

కన్నాట్ ప్లేసు నుంచి ఇండియా గేటు దిక్కుగా సాగే కస్తూర్బా గాంధీ మార్గానికి ఒకప్పుడు కర్జన్ రోడ్డు అని పేరు. ఢిల్లీలో పాతకాలపు మనుషులు కొందరు ఇప్పటికీ నోరు జారి ఆ పేరే పలుకుతుంటారు. రాజధాని కలకత్తా నుంచి ఢిల్లీకి తరలడాన్ని గట్టిగా వ్యతిరేకించినవారిలో కర్జన్ ప్రభువు ఒకరు. 1912లో ప్రభువుల సభలో నిలబడి ఆ నిర్ణయాన్ని ఆయన తూర్పారబట్టారు. అటువంటి పెద్దమనిషి పేరును కొత్త రాజధానిలోని ఒక ప్రధాన వీధికి పెట్టడం చరిత్ర చేసిన చిన్న పరిహాసం. ఆ పేరు తీసివేసి కస్తూర్బా పేరు పెట్టడం రెండవది.

ఈ వారం కర్జన్ గుర్తుకు రావడానికి ఒక కారణం ఉంది. త్వరలో పదవీ విరమణ చేయబోతున్న ఒక సీనియర్ అధికారితో ఆ వీధిలోనే నడుస్తూ మాట్లాడుతున్నాను. తాను పనిచేసిన ఒకానొక శాఖలో చప్రాసీ బదిలీ మొదలు కోట్ల రూపాయల ఒప్పందం వరకు ప్రతి ఫైలూ మంత్రిగారి బల్లమీదికే పోయేదని ఆయన చెప్పారు. ఆ మంత్రి అవినీతిపరుడు కాడట, సోమరి అంతకన్నా కాడట, అర్ధరాత్రి దాటేవరకు పనిచేసేవాడట. అయితే రెండేళ్లు గడిచేసరికి ఫైలుమీద స్వంత అభిప్రాయం రాసే అలవాటే కింది అధికారులకు పోయిందని, మంత్రిగారి మనసులో ఏముందో ఊహించి రాయడమే పనిగా మారిందని ఆ అధికారి విచారించారు. పార్లమెంటు గ్యాలరీలో పాతికేళ్లుగా కూర్చుంటున్న నేను ఈ రకం మనుషులను అన్ని పార్టీలలోనూ చూశాను. వారందరికీ మూలపురుషుడని చెప్పదగినవారు కర్జన్ ప్రభువే.

జార్జి నథానియేల్ కర్జన్ 1859 జనవరి 11న ఇంగ్లండులోని డెర్బీషైరులో, కెడల్‌స్టన్ అనే పూర్వీకుల భవనంలో జన్మించారు. తండ్రి జమీందారు, చర్చిలో మతాధికారి కూడా. ఆ ఇంటి పిల్లల పెంపకం తల్లిదండ్రుల చేతిలో కాక మిస్ పారమన్ అనే సంరక్షకురాలి చేతిలో ఉండేది. తప్పుచేసిన పిల్లవాడి నెత్తిన కాగితపు టోపీ పెట్టి, దానిమీద అబద్ధాలకోరు అనీ పిరికివాడు అనీ రాసి, ఊరివారు చూస్తుండగా నడిపించేదామె. చిన్ననాటి అవమానం కొందరిని మెత్తబరుస్తుంది, మరికొందరిలో ఇకపై ఎవరి ముందూ తల వంచరాదన్న పంతాన్ని పుట్టిస్తుంది. కర్జన్ రెండవ కోవకు చెందినవారు. యౌవనంలో వెన్నెముక దెబ్బతిన్నది. అప్పటినుంచి జీవితాంతం నడుముకు గట్టి పట్టీ బిగించుకొనే తిరిగారు. దర్బారులలో ఆయన కొయ్యబారినట్లు నిటారుగా నిలబడడాన్ని లోకం అహంకారమని అనుకొన్నది. అందులో అహంకారం పాలెంతో, ఆ పట్టీ పాలెంతో వేరుచేసి చెప్పడం కష్టం.

ఈటన్ పాఠశాలలో, ఆక్స్‌ఫర్డులోని బేలియల్ కళాశాలలో ఆయనకు ఎదురులేదు. విద్యార్థి సంఘానికి అధ్యక్షుడయ్యారు. తోటివారు ఆయన గొప్పతనాన్ని ఎగతాళి చేస్తూ కట్టిన పద్యం ఒకటి చచ్చేవరకు ఆయనను వెంటాడింది. పట్టా పరీక్షలో ప్రథమ శ్రేణి తప్పిపోతే, పరీక్షకుల అభిప్రాయం తప్పని రుజువు చేయడానికే మిగిలిన జీవితమంతా కష్టపడ్డట్లు కనిపిస్తారు. 1886లో పార్లమెంటు సభ్యుడయ్యారు. ఆ తరువాత మధ్య ఆసియా, పర్షియా, చైనా, కొరియా, పామీరు పీఠభూమి తిరిగి బృహద్గ్రంథాలు రాశారు. ఆసియా దేశాలను గురించి ఆయనకు తెలిసినంత నాటి బ్రిటిష్ రాజకీయవేత్తలలో మరొకరికి తెలియదు. సంపన్నుడైన చికాగో వర్తకుని కుమార్తె మేరీ లైటరును 1895లో వివాహమాడారు.

1899 జనవరి 6న, నలభై ఏళ్లు నిండడానికి అయిదు రోజుల ముందు, కర్జన్ కలకత్తాలో వైస్రాయిగా బాధ్యతలు స్వీకరించారు. ఆయన అడుగుపెట్టిన ప్రభుత్వ భవనం, అంటే నేటి పశ్చిమ బెంగాల్ గవర్నరు నివాసం, కెడల్‌స్టన్ భవనం నమూనాలో దాదాపు వందేళ్ల క్రితం కట్టినదే. పుట్టినింటి నకలులో కూర్చుని ఒక ఉపఖండాన్ని పాలించడం ఎందరికి సంభవిస్తుంది?

వచ్చిన కొద్దికాలానికే ఆయన పనితీరు కలకత్తాకూ సిమ్లాకూ తెలిసివచ్చింది. రాత్రి రెండు మూడు గంటల వరకు స్వహస్తంతో రాసేవారు. శాఖల కార్యదర్శులు రాయవలసిన నోట్సు తానే రాసేవారు. వారు రాసినవి దిద్దేవారు, విరామ చిహ్నాలను కూడా వదిలేవారు కాదు. వంటింటి లెక్కలు తెప్పించి చూసి, వాడిన కోళ్లకన్నా దాదాపు రెట్టింపు కోళ్లకు బిల్లు రాస్తున్నారని పట్టుకొన్నారు. వైస్రాయి కోళ్లు లెక్కపెట్టాడని నవ్వుకోవడం తేలికే గాని, మోసం నిజంగానే జరుగుతున్నదని మరువరాదు. ఇటువంటి మనుషులతో వచ్చే చిక్కు ఇదే. వారు తలదూర్చిన చోటల్లా తప్పు ఒకటి దొరుకుతుంది. అందువల్ల తాము తలదూర్చని చోట పని జరగదన్న నమ్మకం వారిలో రోజురోజుకూ బలపడుతుంది.

1902లో ఒక దస్త్రం ఆయన ముందుకు వచ్చింది. రాష్ట్రాల సరిహద్దుల గురించి, ఒడియా మాట్లాడే ప్రాంతాలను ఎక్కడ చేర్చాలన్న విషయం గురించి శాఖలు పద్నాలుగు నెలలపాటు ఒకదానికొకటి రాసుకొన్నాయి. అంతకాలంలో ఈ సంగతి వైస్రాయి చెవిన వేయాలని ఒక్కరికీ తోచలేదు. భూమి తన చుట్టూ తాను తిరిగినంత గంభీరంగా ఆ ఫైలు తిరిగి వచ్చిందని ఎద్దేవా చేస్తూ ఆయన రాసిన నోటు నాటి సెక్రటేరియట్‌లో ప్రసిద్ధమైంది. ఆంగ్ల సాహిత్యం చదువుకొన్నవాడిని గనుక ఆ వచన రచన సొగసును నేను కాదనలేను. నివేదికల పొడవు తగ్గించాలని ఆయన ఇచ్చిన ఆజ్ఞలవల్ల అనవసరపు అచ్చు చాలావరకు తగ్గింది కూడా. అయితే ఆ నోటు చదివిన అధికారులు నేర్చుకొన్న పాఠం మాత్రం వేరు. మనలో మనం చర్చించి తేల్చడం దండగ, ఏ విషయమైనా మొదట పెద్దాయన ముందు పెట్టి ఆయన కనుబొమ ఎటు కదిలితే అటు రాయడం క్షేమం అన్నదే ఆ పాఠం. పద్నాలుగు నెలల జాప్యం పోయిన మాట నిజం. దానితోపాటు భిన్నాభిప్రాయమూ పోయింది.

ఆయన చేసిన మేలు కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. 1899లో రంగూనులో తెల్ల సైనికులు ఒక బర్మా మహిళను చెరిచారు. విచారణలో వారిని వదిలివేస్తే, కర్జన్ ఆ రెజిమెంటునే ఏడెనుకు తరిమారు. 1902లో సియాల్‌కోటలో తొమ్మిదవ లాన్సర్ల దళానికి చెందినవారు ఒక భారతీయ వంటవాణ్ణి కొట్టి చంపారు. దోషి ఎవరో తేల్చలేమని సైన్యం చేతులెత్తేస్తే, దళం మొత్తానికి సెలవులు రద్దుచేసి శిక్షించారు. 1903 జనవరిలో ఢిల్లీ దర్బారులో ఆ దళం కవాతు చేసినప్పుడు అక్కడి ఐరోపావారు పనిగట్టుకొని హర్షధ్వానాలు చేశారు. తన అతిథులే తనను అవమానిస్తుంటే ఆయన గుర్రంమీద చలించకుండా కూర్చున్నారు. ఆ దర్బారు కూడా ఆద్యంతం ఆయన చేతి పనే. కిరీటాలు, సింహాసనాలు నశిస్తాయన్న మాట వస్తుందని ఒక ప్రఖ్యాత క్రైస్తవ గీతాన్ని ప్రార్థన జాబితానుంచి తొలగించేటంత శ్రద్ధ తీసుకొన్నారు. 1899-1900 కరవుకాలంలో గుజరాతు ప్రాంతాలకు స్వయంగా వెళ్లి చూశారు. భూమి శిస్తు భారమే కరవులకు మూలమని రమేశచంద్ర దత్తు బహిరంగ లేఖలు రాస్తే, వాటిని చెత్తబుట్టలో వేయక 1902లో ఒక సుదీర్ఘ ప్రభుత్వ తీర్మానం ద్వారా సమాధానం ఇచ్చారు. ఆ సమాధానంతో ఏకీభవించడం మాత్రం కష్టం.

మన హైదరాబాదుకు ఆయన వచ్చింది కూడా ఆ ఏడాదే. 1853 నుంచి బ్రిటిషువారి అధీనంలో ఉన్న బీరారు నిజాముకు తిరిగి రావలసి ఉందన్నది హైదరాబాదు వాదం. ఎన్నో ఏళ్లుగా ఎడతెగని ఆ వ్యవహారాన్ని కర్జన్ 1902 మార్చి నెలాఖరులో ఒక్క సమావేశంలో తేల్చివేశారు. గదిలో ఆయన, ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ముఖాముఖి కూర్చున్నారు. ఏడాదికి 25 లక్షల రూపాయల మీద బీరారును బ్రిటిషువారికి శాశ్వత కౌలుకిచ్చే ఏర్పాటుకు నిజాము ఒప్పుకొన్నారు. ఇంత సునాయాసంగా పని ముగిసిందని కర్జన్ సంతోషించారు. సామ్రాట్టు ప్రతినిధి ఎదుట ఒంటరిగా కూర్చున్న సంస్థానాధీశుడు తల ఊపితే అది అంగీకారమా, గత్యంతరం లేకపోవడమా అన్న ప్రశ్న ఆయనకు తోచినట్లు లేదు. ఆ ప్రశ్న మాత్రం చావలేదు. ఏడవ నిజాము 1923లో బీరారు తిరిగి ఇమ్మని అడుగుతూ, తండ్రి సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చినది కాదని వాదించారు. రీడింగు ప్రభువు 1926లో సార్వభౌమాధికారం సంగతి ఎత్తి ఆయన నోరు మూయించారు.

విశ్వవిద్యాలయాల సంస్కరణ మరొక ఉదాహరణ. 1901లో సిమ్లాలో విద్యా సమావేశం జరిపారు. సుమారు 150 తీర్మానాలు ఆమోదం పొందాయి, వాటిని రూపొందించడంలో వైస్రాయి స్వహస్తమే పనిచేసింది. భారతీయుల పిల్లల చదువును గురించి జరిగిన ఆ సభకు ఒక్క భారతీయుణ్ణి కూడా పిలవలేదు. తరువాత వేసిన కమిషనులో హైదరాబాదుకు చెందిన సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీకి స్థానం లభించింది. బెంగాలు నుంచి ఆందోళన వచ్చాక గురుదాస్ బెనర్జీని చేర్చారు. ఆయన భిన్నాభిప్రాయం రాశారు. దాన్ని పక్కనబెట్టి 1904లో చట్టం చేశారు. ఆ చట్టంలో మంచి లేకపోలేదు. దాన్ని అడ్డుకొన్నవారంతా స్వార్థపరులని కర్జన్ అనుకోవడమే ఆ మంచిని కూడా చెరిపింది.

1905 ఫిబ్రవరిలో కలకత్తా విశ్వవిద్యాలయ స్నాతకోత్సవంలో, సత్యానికి ఉన్నత స్థానమిచ్చింది ముందుగా పాశ్చాత్యులే అన్న ధోరణిలో ఆయన ప్రసంగించారు. దానికి జవాబు వెంటనే అమృతబజార్ పత్రికలో వచ్చింది. కొరియాలో ఒక అధికారిని మెప్పించడానికి తన వయస్సును ఎక్కువచేసి అబద్ధం చెప్పినట్లు ఆయనే తన గ్రంథంలో రాసుకొన్న భాగాన్ని పత్రిక అచ్చువేసింది. ఆ పుటను వెతికి అందించింది సోదరి నివేదిత. దేశమంతా నవ్వింది. ప్రసంగాన్ని ముందుగా చదివి, ప్రభూ ఈ వాక్యం వద్దు అని చెప్పగల మనిషి ఆ భవనంలో ఒక్కడైనా ఉండి ఉంటే ఆ పరాభవం తప్పేది. అటువంటివాణ్ణి మిగలనీయకుండా చేసుకొన్నది ఆయనే.

ఇక బెంగాలు విభజన. 7 కోట్ల 80 లక్షల జనాభా గల రాష్ట్రం ఒక్క లెఫ్టినెంటు గవర్నరుకు మోయలేని బరువన్న వాదం నిజమే. 1903 డిసెంబరులో వెలువడిన తొలి ప్రతిపాదనలో మనకూ సంబంధమున్న అంశం ఒకటి ఉంది. మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాను, విశాఖపట్నం ఏజెన్సీని ఒడియా ప్రాంతాలతో కలిపి బెంగాలుకు ఇవ్వాలని అందులో సూచించారు. మద్రాసు ప్రభుత్వం ససేమిరా అన్నది. మద్రాసు, బొంబాయి గవర్నర్లకు లండనుతో నేరుగా ఉత్తరప్రత్యుత్తరాలు జరిపే హక్కు ఉండేది. ఆ హక్కు కర్జన్‌కు కంటిలో నలుసు, ఆ పదవుల హోదానే తగ్గించాలని ప్రయత్నించి విఫలులయ్యారు. కాదనగల అధికారం ఉన్నవారు కాదన్నారు గనుక గంజాం ప్రతిపాదన వెనక్కిపోయింది. బెంగాలు ప్రజలకు అటువంటి అధికారం ఏదీ లేదు. సభలు జరిపారు, వినతిపత్రాలు వేలాది సంతకాలతో పంపారు. కొద్దిమంది వకీళ్లు రేపుతున్న అల్లరిగా వైస్రాయి వాటిని లెక్కకట్టారు. కాంగ్రెసు కూలిపోయే దశలో ఉన్నదని, దాని ప్రశాంత మరణానికి తోడ్పడడం తన కోరిక అని 1900లోనే లండనుకు రాసిన మనిషి ఆయన. 1905 అక్టోబరు 16న విభజన అమలులోకి వచ్చింది. మరణశయ్యమీద ఉన్నదనుకొన్న కాంగ్రెసుకు అది కొత్త ఊపిరి పోసింది. స్వదేశీ, విదేశీ వస్తు బహిష్కరణ, వందేమాతరం నినాదం బెంగాలు పొలిమేర దాటాయి. 1907లో బిపిన్‌చంద్ర పాల్ విశాఖపట్నం, కాకినాడ, రాజమహేంద్రవరాలలో ఉపన్యసించారు. రాజమహేంద్రవరం ట్రెయినింగు కళాశాల నుంచి గాడిచర్ల హరిసర్వోత్తమరావు బహిష్కృతులయ్యారు. 1905 చివర కాశీ కాంగ్రెసుకు అధ్యక్షత వహించిన గోఖలే, అంతటి మితవాది, కర్జన్ పాలనకు సాటి వెతుకుతూ ఔరంగజేబు దగ్గరకు వెళ్లవలసివచ్చింది. అపార శ్రమ, కర్తవ్యదీక్ష, ఎవరినీ నమ్మని స్వభావం ఆ ఇద్దరిలో గోఖలేకు ఒకే విధంగా కనిపించాయి.

అప్పటికి కర్జన్ పదవి పోయింది. ఆయనను పడగొట్టింది బెంగాలు కాదు, తాను కోరి రప్పించుకొన్న సర్వసేనాధిపతి కిచెనర్ ప్రభువు. 1902 చివర వచ్చిన కిచెనర్‌కు వైస్రాయి కార్యనిర్వాహక మండలిలోని సైనిక సభ్యుడు అడ్డుగా తోచాడు. సేనాధిపతి పంపే ప్రతిపాదనలను ఆ సభ్యుడు పరీక్షించి వైస్రాయికి వేరుగా సలహా ఇచ్చేవాడు. ఆ పదవి రద్దుచేసి సర్వం తనకు అప్పగించాలని కిచెనర్ పట్టుబట్టారు. కర్జన్ అందుకు చెప్పిన అభ్యంతరాలు నేటికీ చదవదగినవి. సైన్యంపై ఒకే మనిషి సలహా, ఒకే మనిషి అజమాయిషీ ఉంటే తప్పు పట్టేవాడు ఉండడనీ, ఆ మనిషి ఎంతటి సమర్థుడైనా ప్రభుత్వం అతడి చేతిలో బందీ అవుతుందనీ ఆయన వాదించారు. వాదం అక్షరాలా సత్యం. అదే వాదాన్ని సెక్రటేరియట్‌లో తన కుర్చీకి అన్వయించి చూసుకోవడం మాత్రం ఆయనకు చేతకాలేదు.

కిచెనర్ నోట్సు రాసి గెలిచే మనిషి కాడు. లండనులోని పలుకుబడిగల ఇళ్లకు రహస్య లేఖలు పంపారు, పత్రికలవారిని చేరదీశారు. ప్రధాని బాల్ఫోర్, ఇండియా వ్యవహారాల మంత్రి బ్రాడ్రిక్ ఇద్దరూ కర్జన్‌కు పాతమిత్రులే. అయితే ఆరేళ్లుగా లండనుకు ఆయన పంపిన తీక్షణమైన లేఖలు ఆ స్నేహాన్ని అరగదీశాయి. 1905 వేసవిలో ఒక రాజీ కుదిరినట్లే కుదిరి, కొత్త సభ్యునిగా ఎవరిని నియమించాలన్న విషయంలో చెడింది. తన మాట చెల్లకపోతే రాజీనామా చేస్తానన్నారు. ఆగస్టులో రాజీనామాను లండను ఆమోదించింది. తాను లేకపోతే ఇండియా నడవదని నమ్మిన మనిషికి, తానులేని ఇండియాకు మింటో ప్రభువును సిద్ధం చేశారన్న వార్త తంతిలో వచ్చింది. కొన్నేళ్ల తరువాత, మెసపటేమియాలో భారత సైన్యం వైద్యం, రవాణా లేక నానా యాతనలు పడితే, విచారణ సంఘం 1917లో ఇచ్చిన నివేదిక ఆ ఏకహస్త సైనిక వ్యవస్థను తప్పుపట్టింది. కర్జన్ వాదం నెగ్గింది. అప్పటికి కిచెనర్ సముద్రంలో మునిగి ఏడాది అయింది.

ఆయన కృషిలో కాలానికి నిలిచినది ఏది అని అడిగితే పురావస్తు శాఖ అని చెబుతాను. మూలపడిన ఆ శాఖకు 1902లో జాన్ మార్షల్ అనే పాతికేళ్ల యువకుణ్ణి అధిపతిని చేశారు. 1904లో ప్రాచీన కట్టడాల రక్షణ చట్టం తెచ్చారు. తాజ్‌మహల్ విషయంలో కర్జన్ తన అలవాటు మానలేదు, లోపల వేలాడే దీపాన్ని కైరోలో చేయించి మరీ తెప్పించారు. అయినా తవ్వకాల వంటి తనకు తెలియని పనిలో మార్షల్‌కు చేయి విడిచిపెట్టక తప్పలేదు. ఆ మార్షల్ 1928 వరకు ఆ పదవిలో ఉండి తక్షశిలను తవ్వించారు, సాంచిని నిలబెట్టారు, 1924లో సింధు నాగరికతను లోకానికి చాటారు. విభజన మాత్రం ఆరేళ్లు నిలిచి, 1911 డిసెంబరు 12న ఢిల్లీ దర్బారులో అయిదవ జార్జి నోటిమాటతో రద్దయింది.

స్వదేశంలో ఆయన శేషజీవితం పెద్ద పదవులతో, పెద్ద ఆశాభంగాలతో గడిచింది. భార్య మేరీ 1906లో మరణించారు. యుద్ధ మంత్రివర్గంలో చేరారు. 1917 ఆగస్టు ప్రకటనలో భారతీయులకు బాధ్యతాయుత ప్రభుత్వం అన్న పదబంధం పెట్టింది ఆయన కలమే. తాను దిద్దిన ఆ మాటలు ఏ గమ్యానికి దారితీస్తాయో గ్రహించాక ఆయనే వెనుకంజ వేశారు. 1919లో విదేశాంగమంత్రి అయ్యారు. 1923 మే నెలలో ప్రధాని బోనార్ లా వ్యాధితో తప్పుకొన్నప్పుడు తదుపరి ప్రధాని తానేనని కర్జన్‌కు సందేహం లేదు. మాంటక్యూట్ అనే పల్లెటూరి భవనంలో ఉన్నారు, అక్కడ టెలిఫోను లేదు. రాజుగారి కార్యదర్శి లండనుకు రమ్మని తంతి పంపితే, రైలులో దారి పొడుగునా మంత్రివర్గం కూర్పు గురించి భార్యతో మాట్లాడుతూ వెళ్లారు. తీరా వెళ్లాక, పదవి బాల్డ్విన్‌కు ఇస్తున్నారని చెప్పారు. ప్రధాని ప్రభువుల సభలో ఉండడం కుదరదన్నది పైకి చెప్పిన కారణం. సలహా అడిగినప్పుడు సహచరులలో ఆయన కింద పనిచేయాలని ఉవ్విళ్లూరినవారు లేరన్నది లోపలి కారణం. ఆయన కంటనీరు పెట్టుకొన్నారు. కొద్దిరోజులకే తేరుకొని, బాల్డ్విన్ నాయకత్వాన్ని తానే ప్రతిపాదించారు. ఆ హుందాతనమూ ఆయనదే.

1925 మార్చి 20న కర్జన్ మరణించారు. కెడల్‌స్టన్ చర్చిలోని కుటుంబ సమాధి గదిలో మేరీ పక్కన ఆయనను ఉంచారు. కొంతకాలానికి రెండవ భార్య గ్రేసు అక్కడికి వెళ్లినప్పుడు, ఖాళీగా ఉన్న ఒక అరమీద చిన్న కాగితం కనిపించిందని తన జ్ఞాపకాలలో రాసుకొన్నారు. ఆ స్థలం రెండవ లేడీ కర్జన్‌కు కేటాయించడమైనదని దానిమీద ఆయన దస్తూరీతో ఉంది.